బిజిలీ పెట్టించుకున్న వెంకటరాజం

వరంగల్ కొత్తవాడలో పెద్ద జంపఖానా నేయడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. మగ్గం ముందు పలక మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. కుడివైపు మనిషి పేక దారాన్ని సగందాకా తెచ్చి ఇస్తే, ఎడమవైపు మనిషి అందుకుని అంచుదాకా తీసుకుపోతాడు. తర్వాత ఇద్దరూ ఒక్కసారే ఇనుప పళ్ల పంజాలతో ఆ దారాన్ని దిగ్గొడతారు. ఒకడు లేచిపోతే రెండోవాడు చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే. మా తాత గుండయ్య ఇరవై రెండేళ్లు అలా ఎడమవైపు కూర్చున్నాడు. కుడివైపు కూర్చున్నది ఆయన అక్క మొగుడు వెంకటరాజం. నేను చెప్పేదంతా తాత నోట విన్నదే. కొంత మాత్రం వెంకటరాజం భార్య కట్టమ్మ ముసలితనంలో చెప్పింది.

వెంకటరాజానికి అప్పటికి యాభై ఎనిమిదేళ్లు. పొడుగు మనిషి. మాట దురుసు, చెయ్యి మాత్రం నెమ్మది. అంచు గింజంత వంకర పోయినా మూరెడు నేసింది విప్పించేవాడు. "కూసునేటోనికి కనబడకపోవచ్చు, నాకు కనబడతాంది" అనేవాడు. యుద్ధం రోజులవి. నూలు మీద కంట్రోలు ఉండేది, మగ్గానికి ఇంత అని కోటా ఇచ్చేవాళ్లు. కోటా తగ్గిందంటే కులసంఘం తరఫున కచేరీకి పోయి ఉర్దూలో గట్టిగా మాట్లాడి వచ్చేది ఆయనే. వాడలో ఆయన మాటంటే విలువ. అది ఆయనకూ తెలుసు.

1944 చివర, చలి మొదలైన రోజుల్లో ఆయనకు మూత్రం సరిగా రావడం మానేసింది. దొడ్లోకి పోయి పావుగంట నిలబడి, నాలుగు చుక్కలు పోసి, విసుక్కుంటూ వచ్చేవాడు. వేడి చేసిందన్నారు. బార్లీ నీళ్లు తాగాడు. పల్లేరుకాయల కషాయం తాగాడు. ఒక పొద్దున అసలే రాలేదు. పొత్తికడుపు కుండలా ఉబ్బింది. పంజా పట్టుకున్న మనిషి అలాగే ముందుకు వంగి పడుగు దారాల మీద తల ఆనించాడు. గుండయ్య పరుగున పోయి జట్కా తెచ్చి దవాఖానకు తీసుకుపోయాడు. రబ్బరు గొట్టం వేసి తీశాక గానీ ప్రాణం కుదుటపడలేదు.

అక్కడి డాక్టరు వేలు పెట్టి పరీక్ష చేశాడు. మూత్రసంచి కింద ఉండే గ్రంథి రాయిలా గట్టిపడిందన్నాడు. హైదరాబాదు పట్నం పొమ్మని చీటీ రాశాడు. పట్నంలోని ఒక పెద్ద దవాఖానలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. వారం తర్వాత ఒక కాగితం చేతికిచ్చారు. వెంకటరాజం ఉర్దూ మాట్లాడగలడు, చదవలేడు. వరంగల్ వచ్చి, తెలిసిన కాంపౌండరు కిషన్ రావుకు చూపించాడు.

"సర్తాన్ అని రాసిండ్రు" అన్నాడు కిషన్ రావు.

"అంటే ఏంది?"

కిషన్ రావు కాగితం మడిచాడు, మళ్లీ విప్పాడు. "రాచపుండు."

పక్కనున్న గుండయ్య ముందుగా తేరుకున్నాడు. "కోసి తీస్తే పోదా సారూ?"

"కోసి తీసే జాగల లేదట. బిజిలీ పెడ్తమని రాసిండ్రు. పెద్ద మిషన్ ఉంటది, కరెంటు కిరణాలు లోపటికి పంపుతరు. కత్తి లేదు, నొప్పి లేదు."

నొప్పి లేదన్న మాట వెంకటరాజానికి నచ్చింది.

1945 ఫిబ్రవరిలో మొగుడూ పెళ్లాలిద్దరూ పట్నం పోయి ధర్మశాలలో దిగారు. ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు. మొదటిరోజు ఆయన పొత్తికడుపు మీద, నడుము మీద ఊదా రంగు సిరాతో నాలుగు గళ్లు గీశారు. అవి చెరిగిపోకూడదని, అక్కడ నీళ్లు తగలనివ్వద్దని చెప్పారు. బల్ల మీద పడుకోబెట్టి, గళ్లు తప్ప మిగతా ఒళ్లంతా బరువైన సీసం రేకులతో కప్పారు. అందరూ బయటికి పోయి తలుపు మూశారు. మిషను తుమ్మెదల గుంపులా రొద చేసింది. కాసేపటికి ఆగిపోయింది. అంతే.

బయటికి వచ్చి కట్టమ్మతో, "దీనికేనా గింత దూరం అచ్చింది? జట్కాల కూసున్నా ఇంతకంటె ఎక్కువ తెలుస్తది" అన్నాడు.

దవాఖాన వరండా బెంచీ మీద పరిచయమైనవాడు యాకయ్య. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర వ్యవసాయం చేసుకునే మనిషి. ఇదే జబ్బు, ఇవే ఊదా గళ్లు. వెంకటరాజాన్ని "అన్నా" అని పిలిచేవాడు. తన రెండెడ్ల గురించి, బావి గురించి చెప్పేవాడు. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు లోపలికి పోయివచ్చేవాళ్లు.

మూడోవారం మొదలయ్యేసరికి వెంకటరాజానికి మెట్లు ఎక్కడం చేతకాలేదు. నిద్రపోయి లేచినా అలసటే. గళ్ల లోపలి చర్మం మొదట ఎండదెబ్బ తగిలినట్టు ఎర్రబడింది. తర్వాత వంకాయ తోలులా నల్లబడింది. తొడల సందుల్లో పొరలు లేచి తడి కారింది, ధోవతి అంటుకుపోయి లాగితే తోలు వచ్చేది. కట్టమ్మ కొబ్బరినూనె రాస్తే నర్సు కేకలేసింది. విరేచనాలు పట్టుకున్నాయి. రోజుకు పది, పన్నెండు సార్లు. పోయి కూర్చుంటే జిగురు తప్ప ఏమీ లేదు, అయినా లోపలినుంచి ఎవరో మెలిపెట్టి నెట్టినట్టు ఉండేది. మూత్రమైతే కారం నీళ్లే.

డాక్టరు వరండాలోంచి పోతుంటే వెంకటరాజం అడ్డం నిలబడి అడిగాడు. "ఇదేంది సాబ్? నొప్పి లేదంటిరి గద?"

"ఇంకొన్ని రోజులే. తగ్గిపోతది. ఇది అందరికీ అయ్యేదే."

"అందరికయ్యేదైతే ముందుగాల ఎందుకు సెప్పలే?"

డాక్టరు అప్పటికే పక్క మనిషి కాగితం అందుకున్నాడు. బెంచీ మీద ఇంకా ముప్పై మంది ఉన్నారు. తర్వాత ఎప్పుడు తలచుకున్నా వెంకటరాజానికి డాక్టరు చెడ్డవాడని అనిపించలేదు. తన మాట ఆయన చెవిలో పడలేదని మాత్రమే అనిపించేది. అది ఇంకా మంటగా ఉండేది.

పదకొండో రోజు తర్వాత యాకయ్య మిషను కిందికి పోలేదు. పన్నెండోనాడు మూట సర్దుకుని వచ్చి వెంకటరాజం చెయ్యి పట్టుకున్నాడు.

"నేను పోతాన అన్నా. రోగంతోని సస్త గని, బతికుండంగ కాల్పించుకోను."

"సగం పని యిడిసి పోతవారా?"

"నీది నేసే గుణం. సివరిదాక సూడాలె నీకు. నాకొద్దు."

వెంకటరాజం ముప్పై రోజులూ పూర్తి చేశాడు. మార్చి చివర కొత్తవాడ చేరాడు.

ఇంటికి వచ్చాక మొదట వినబడిన మాట, "బతికి అచ్చినవు, అదే పదివేలు." వచ్చినవాడల్లా అదే అన్నాడు. రెండో మాట తిండి గురించి. ఒకరు మజ్జిగ మంచిదన్నారు, ఇంకొకరు మజ్జిగ ముట్టుకోవద్దన్నారు. సగ్గుబియ్యం, జొన్న గటక, దానిమ్మ తొక్క పొడి. ఎవరింటి వైద్యం వాళ్లు చెప్పి, చేసేదాకా కదలకుండా కూర్చునేవాళ్లు. పక్కింటి చిలుకమ్మ మాత్రం గడప దాటి లోపలికి రాలేదు. అంత బిజిలీ ఒంట్లోకి పోయిన మనిషిని ముట్టుకుంటే జిల్లుమంటుందని వాడలో ఎవరో అన్నారట.

"ఆమె దండెం మీద బట్టలు ఆరేస్తాంటే పోయి శెయ్యి పట్టుకుంట సూడు, ఏం జిల్లుమంటదో" అన్నాడు వెంకటరాజం, వీధిలోకి వినబడేలా.

చర్మం రెండు నెలల్లో మానింది. మందంగా, నల్లగా, వెంట్రుక లేకుండా మానింది. విరేచనాలు కొంత తగ్గాయి. మూత్రం సంగతి మాత్రం తీరలేదు. ముందు రాక బాధ, ఇప్పుడు ఆగక బాధ. వస్తుందని తెలిసిన తర్వాత పది అడుగులు వేసే వ్యవధి కూడా ఉండేది కాదు.

మగ్గం మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. గుండయ్య సంతోషించాడు. మొదటి పూట ఆరుసార్లు లేచాడు. పేక దారం సగంలో పట్టుకుని గుండయ్య కూర్చునేవాడు. వెంకటరాజం తిరిగి వచ్చి, తడిసిన ధోవతి సర్దుకుని దారం అందుకునేవాడు. లేచి కూర్చున్న ప్రతిసారీ చెయ్యి పట్టు మారేది. పట్టు మారిన చోట నేతలో సన్నటి గీత పడేది. ఆ గీతలు ఆయనకే ముందు కనబడేవి. ఇంతకుముందు ఎదుటివాడు చేస్తే విప్పించేవాడు. ఇప్పుడు విప్పితే మళ్లీ లేవాలి.

నెల గడిచింది. ఆరు రోజుల్లో దిగే జంపఖానా పదహారు రోజులైనా దిగలేదు. గుండయ్యకు ఇంట్లో ఐదుగురు తినేవాళ్లు. ఒకరోజు సాహసం చేశాడు.

"బావా, జర తప్పుగ అనుకోకు. నువ్వు బాగయ్యేదాక మా తమ్ముడు సారంగపాణిని కూసోబెట్టుకుంట."

"నా పలక మీదనా?"

"నీ పలకే బావా. ఎవలు గుంజుకుంటాండ్రు? బాగయినంక నువ్వే కూసో."

"ఎప్పుడు బాగయితది? నీకెరుకనా? డాక్టరుకెరుకనా? నాకైతే ఎవలు సెప్పలే." పంజా విసిరేశాడు. అది గోడకు తగిలి ఒక పన్ను వంగింది. "కూసోబెట్టుకో. నీ తమ్ముణ్ణి కూసోబెట్టుకో, ఊరందర్ని కూసోబెట్టుకో!"

సారంగపాణి మంచి పనివాడు. మర్నాటినుంచి మగ్గం మళ్లీ ఒక్క తీరుగా మోగింది. వెంకటరాజం ముందరింట్లో కూర్చుని ఆ చప్పుడు వినేవాడు. పంజాలు రెండూ ఒకేసారి పడకపోతే, "తప్పింది" అని గట్టిగా అరిచేవాడు. నిజంగానే తప్పేది.

ఆ ఏడు వానాకాలంలో నూలు కోటా మళ్లీ తగ్గించారు. కులసంఘం కూడింది. ఎప్పటిలాగే వెంకటరాజాన్ని పిలిచారు. ఆయన పొద్దుటినుంచి నీళ్లు ముట్టుకోలేదు. గోచీలో పాతగుడ్డ మడత పెట్టుకుని పోయి, ద్వారం దగ్గర కూర్చోబోయాడు. పెద్దమనిషివి, అక్కడేమిటని ముందుకు లాక్కుపోయి నడుమ కూర్చోబెట్టారు. కింద పరిచింది ఆయనా గుండయ్యా సంఘానికి నేసి ఇచ్చిన ఎర్రంచు జంపఖానాయే.

కచేరీలో ఏం మాట్లాడాలో చెప్పడానికి ఆయన లేచి నిలబడ్డాడు. రెండు మాటలు కూడా పూర్తి కాలేదు. చుట్టూ మనుషులు. దారి లేదు. కాళ్ల వెంబడి వెచ్చగా దిగింది. జంపఖానా మీద పడిన మచ్చ పెద్దదవుతుంటే అందరూ చూరు వైపు చూశారు. ఎవరూ నవ్వలేదు. ఎవరైనా నవ్వితే కొట్టేవాణ్ణి, కోపం తీరేదని తర్వాత గుండయ్యతో అన్నాడట. వాళ్లు నవ్వకుండా జరిగి దారి ఇచ్చారు. ఆ దారిలోంచే నడిచి ఇంటికి వచ్చేశాడు.

జంపఖానాను గుండయ్యే చుట్టి తెచ్చి, దొడ్లో వేసి ఉతికాడు. వెంకటరాజం గడపలో నిలబడి చూశాడు.

"గంజి నీళ్లల్ల నాననియ్యి. లేకుంటె రంగు దిగుతది" అన్నాడు. అప్పటినుంచి సంఘానికి పోలేదు, పెళ్లికి పోలేదు, శవం లేస్తే కూడా పోలేదు.

ఇంకో సంగతి ఉంది. పట్నంనుంచి వచ్చిన కొన్నాళ్లకు ఆయన తన మంచం తీసుకుపోయి మగ్గం కొట్టంలో వేసుకున్నాడు. రాత్రి నాలుగైదుసార్లు లేస్తాను, నీ నిద్ర ఎందుకు పాడుచెయ్యాలి అని కట్టమ్మతో అన్నాడు. ఆమె నమ్మలేదు. ధర్మశాలలో ఆయన పుండ్లు కడిగింది ఆమె, గుడ్డలు ఉతికింది ఆమె. అన్నీ చూసిన ఆడదానిమీద ఇక మనసు ఉండదు కాబోలు అనుకుంది. అడగలేదు. ఆయన చెప్పలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో అన్నం పెట్టే చెయ్యి, తినే నోరుగా ఉండిపోయారు.

1946 సంక్రాంతి దాటిన తర్వాత ఒక ఉదయం దొడ్లో నెత్తురు కనబడింది. మొలలు అనుకున్నాడు. మూడోరోజు గడ్డలుగా పడేసరికి, రాచపుండు తిరిగి వచ్చిందని తీర్మానించుకున్నాడు. గుండయ్య పని ఆపి ఆయన వెంట పట్నం బయలుదేరాడు. రైలుబండి కిక్కిరిసి ఉంది. కాజీపేటనుంచి పట్నందాకా వెంకటరాజం పాయిఖానా తలుపు పట్టుకుని నిలబడే ప్రయాణం చేశాడు.

అదే డాక్టరు. ఈసారి మధ్యాహ్నం పోయారు కాబట్టి బెంచీ ఖాళీగా ఉంది. గొట్టంలాంటి దానితో లోపల చూసి, వేలితో గ్రంథిని పరీక్షించి, డాక్టరు చేతులు కడుక్కుంటూ సంతోషంగా అన్నాడు.

"గడ్డ మెత్తబడింది. చిన్నగయింది. మంచిగుంది."

"మరి నెత్తురు?"

"అది రోగం కాదు. మిషన్ లోపల పేగును కూడ కాల్చింది. పైన తోలు నల్లబడ్డట్టే లోపల కూడ అయింది. కొందరికి ఏడాదికి బయటపడ్తది."

వెంకటరాజం బల్ల మీదనుంచి లేచి కూర్చున్నాడు. "అంటే గిది మీరు చేసిందే."

"బతికినవు గద పెద్దాయనా."

"బతికిన. ఎవలు కాదన్నరు? నేను అడిగేది అది కాదు సాబ్. నేను నేసేటోణ్ణి. గిరాకీ అచ్చి జంపఖానా కావాలంటే, ఎన్నాళ్లకు రంగు పోతదో, ఏ నీళ్లల్ల ఉతుకొద్దో సెప్పి ఇస్త. గంత పెద్ద మిషన్ల పండబెట్టి, దినాం ఒక్కమాట సెప్పకపోతిరి. సెప్పినా పండుకుందును. తెలిసి పండుకుందును."

గుండయ్య ఆయన భుజం పట్టుకుని ఆపబోయాడు. డాక్టరు తువ్వాలు పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. అలా కూర్చోవడం అదే మొదటిసారని తాత చెప్పేవాడు.

"ఏమేం అడుగుతవో అడుగు" అన్నాడు.

వెంకటరాజం అడిగాడు. నెత్తురు ఆగుతుందా? కొందరికి ఆగుతుంది, కొందరికి ఉండిపోతుంది, కారం మానెయ్యి, ముక్కవద్దు. మూత్రం? సంచి గట్టిపడి ముడుచుకుంది, మునుపటిలా పట్టదు. గడియారం చూసుకుని గంటకోసారి పొమ్మన్నాడు, వచ్చేదాకా ఆగవద్దన్నాడు. నీళ్లు మానవద్దన్నాడు, మానితే మంట పెరుగుతుంది. చివరికి వెంకటరాజం గుండయ్యను బయటికి పొమ్మని తలుపు మూసుకుని ఇంకో ప్రశ్న అడిగాడు. దానికి డాక్టరు ఏం చెప్పాడో తాతకు తెలియదు. బయటికి వచ్చిన మనిషి మొహంలో మాత్రం రవ్వంత కూడా తేలిక కనబడలేదు.

తిరుగు బండిలో ఘన్‌పూర్ రాగానే, దిగుదామన్నాడు. యాకయ్యను చూడాలన్నాడు. స్టేషన్‌నుంచి రెండు మైళ్లు నడిచారు. మూడుచోట్ల ఆగారు.

యాకయ్య మంచం మీద ఉన్నాడు. నడుములోకి, తుంటిలోకి నొప్పి పాకి ఆరు నెలలయిందట. ఎముకల మీద చర్మం తప్ప మిగలలేదు. పక్కకు తిప్పాలన్నా భార్య మల్లవ్వ, కోడలు ఇద్దరూ పట్టాలి. వెంకటరాజాన్ని గుర్తుపట్టి నవ్వబోయాడు.

"నడిసి అచ్చినవా అన్నా?"

"నడిసే అచ్చిన."

"మంచిగయిందా మరి?"

వెంకటరాజం నోరు తెరిచాడు. నెత్తురు, తడి గుడ్డలు, పోయిన పలక, అన్నీ నాలుకమీదికి వచ్చాయి. మల్లవ్వ ఆయన కాళ్ల వైపు చూస్తోంది, సొంత కాళ్ల మీద నిలబడ్డ ఆ మనిషి వైపు.

"మంచిగనే ఉన్న" అన్నాడు.

బయటికి వచ్చాక మల్లవ్వ కళ్లు తుడుచుకుంటూ, "సివరిదాక పెట్టించుకున్నవు, బతికినవు. మా మనిషి యినకపాయె" అంది. ఆ వేసవిలోనే యాకయ్య పోయాడు.

స్టేషన్‌లో బండి కోసం కూర్చున్నప్పుడు వెంకటరాజం రాళ్లు ఏరి పట్టాల మీదికి విసురుతూ ఉన్నాడు. "వాని ముంగట నాది కష్టమని అననీకి లేదు. ఇంట్ల అననీకి లేదు. డాక్టరు ముంగట లేదు. మరి ఎవల ముంగట అనాలె? గీ కంకర ముంగటనా?" అన్నాడు. గుండయ్య, "నా ముంగట అను బావా" అన్నాడు. "నీ ముంగటనా? నీకు సారంగపాణి ఉండె" అన్నాడాయన. తాత ఆ మాట ఎన్నేళ్లయినా మరిచిపోలేదు.

ఊరికి వచ్చాక వెంకటరాజం ఒక పని చేశాడు. దొడ్డి తలుపు పక్కన, మూడు మూరల వెడల్పుతో, ఒక్క మనిషి నేసే చిన్న మగ్గం నిలబెట్టుకున్నాడు. కూర్చునే ఆసనాలు, నమాజు చేసుకునే చిన్న చాపజంపఖానాలు దాని మీద దిగుతాయి. కిషన్ రావు దగ్గర పాత గడియారం ఒకటి తెచ్చి గోడకు తగిలించాడు. పెద్దముల్లు పన్నెండు మీదికి రాగానే, వచ్చినా రాకపోయినా లేచేవాడు. దాంతో తడవడం సగానికి సగం తగ్గింది. నెత్తురు కొన్నాళ్లు ఆగేది, కొన్నాళ్లు పడేది. పని దిగేది. మంచి పనే. అయినా ఎవరైనా మెచ్చుకుంటే, "గియ్యి ముసలమ్మలు గుళ్లె కూసునే పీటగుడ్డలు. నేను దర్బారుహాలుకు నేసినోణ్ణి" అని కసురుకునేవాడు. నేర్చుకున్నదంతా ఆ మూడు మూరల్లోనే ఇరుక్కుపోయినట్టు ఉండేదట ఆయనకు.

1947 మొదట్లో కిషన్ రావు ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. రాజమల్లు, డోర్నకల్‌లో రైల్వే పని. అరవైకి దగ్గర. అదే జబ్బు, పట్నంనుంచి అదే చీటీ.

"అందరు నొప్పి లేదంటాండ్రు. మీరు పెట్టించుకున్నరట. జర సెప్పుండ్రి" అన్నాడు రాజమల్లు.

వెంకటరాజం మగ్గం ఆపాడు. "కూసో. అంత సెప్త. భయపడితే పడు."

మొదటినుంచి చెప్పాడు. ఊదా గళ్లు, సీసం రేకులు, మూడోవారం తోలు, కొబ్బరినూనె పూయొద్దని. వదులు ధోవతి కట్టుకొమ్మని. విరేచనాలు పన్నెండుసార్లు. ఇంటికొచ్చాక ఆగని మూత్రం, ఏడాదికి నెత్తురు, అప్పుడు రాచపుండు తిరిగొచ్చిందని హడలిపోవద్దని. గడియారం చూపించాడు. సంఘంలో జరిగింది కూడా చెప్పాడు. యాకయ్య సంగతీ చెప్పాడు, దాచలేదు.

కిషన్ రావు ఇబ్బందిగా కదిలాడు. "ఎందుకు పెద్దమనిషీ, అన్ని సెప్పి బెదిరిస్తవు?"

"నన్ను బెదిరియ్యక ఏం ఉద్ధరించిండ్రు?" అని, గొంతు కాస్త తగ్గించి రాజమల్లుతో అన్నాడు. "ఇంకోటి. మగనితనం పోతది. నాకు పోయింది. మల్ల రాదని డాక్టరే సెప్పిండు. పెండ్లానికి ముందే సెప్పుకో. నేను సెప్పుకోలే. శిగ్గు. మంచం బయటేసుకున్న. రెండేండ్లయింది. ఆమెమో నాకు ఆమె మీద మనసు లేదనుకుంటాంది, నాకెరుక. అయినా నోరు పెగల్తలేదు."

తలుపు వెనక చెంబు కింద పడిన చప్పుడైంది. వచ్చినవాళ్లకు మజ్జిగ తెస్తున్న కట్టమ్మ అక్కడే నిలబడిపోయింది.

వాళ్లు పోయాక ఆమె దొడ్లోకి వచ్చింది. ఏడవలేదు. రెండేళ్ల కోపమంతా ఒక్కసారి వచ్చింది. "డోర్నకల్‌నుంచి అచ్చినోనికి సెప్తవు. నేను ఎవలను? నీ పుండ్లు కడిగినదాన్ని గద! గదొక్కటి సెప్తే నేను ఏమంటుంటి?"

ఆయన మగ్గం వైపు తిరిగి కూర్చున్నాడు. "ఏమంటవో తెలువకనే."

"ఏమనకపోదును" అంది. కాసేపటికి మగ్గం కొట్టంలోకి పోయి మంచం ఒక్కతే ఈడ్చుకుంటూ లోపలికి తీసుకుపోయింది. ఆయన గడియారం చూసి లేవాల్సిన వేళయినా లేవకుండా చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు ధోవతి మార్చుకోవాల్సి వచ్చిందని కట్టమ్మ నవ్వుతూ చెప్పింది నాకు.

అంతా సర్దుకుందని కాదు. ఆయన కోపం పోలేదు. పెద్ద మగ్గం పలక మీద మళ్లీ కూర్చోలేదు. గుండయ్యతో మాట్లాడేవాడు గానీ సారంగపాణి ఎదురైతే పక్కకు తిరిగేవాడు. సంఘంవాళ్లు ఇంటికి వచ్చి సలహా అడిగితే చెప్పేవాడు, రమ్మంటే మాత్రం పోయేవాడు కాదు. రాచపుండు ఆయన్ని మళ్లీ ముట్టుకోలేదు. అప్పటినుంచి ఇంకా తొమ్మిదేళ్లు బతికి, ఒక చలికాలం జ్వరంతో పోయాడు.

రాజమల్లు పట్నం పోయాడు. ముప్పై రోజులూ పూర్తి చేసి, ఎండాకాలంలో తిరిగొస్తూ వరంగల్‌లో దిగి నేరుగా కొత్తవాడకు వచ్చాడు. చిక్కిపోయాడు. వదులు ధోవతి కట్టుకుని, కాళ్లు ఎడంగా వేసి నడుస్తున్నాడు. వెంకటరాజాన్ని చూడగానే వేలు చూపించి అరిచాడు.

"నువ్వు పన్నెండుసార్లంటివి! నాకు ఇరవైసార్లయింది!"

"నాకు పన్నెండే అయింది, నేనేం జెయ్యాలె?"

"ఇంకోటి సెప్పలే నువ్వు. నోటికి అన్నం గడ్డి తిన్నట్టుంటదని సెప్పలే."

"ఉంటది. మరిసిన. ఇంకేం సెప్పలే?"

రాజమల్లు అరుగు మీద జాగ్రత్తగా ఒక పక్కకు ఒరిగి కూర్చుని, ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. వెంకటరాజం పంజా పక్కన పెట్టి, ఆయన చెప్పిన ప్రతిదానికీ తనది ఇంకొకటి కలిపాడు. డాక్టర్లను, బెంచీని, ధర్మశాల పప్పును, బండిలో పాయిఖానా తలుపును, సగ్గుబియ్యం తినమన్నవాళ్లను, ఇద్దరూ కలిసి ఎండ దొడ్లోకి దిగేదాకా తిట్టారు. మధ్యలో ఒకరి తర్వాత ఒకరు లేచి దొడ్లోకి పోయివచ్చారు.